జెమినీ-11 నుంచి తీసిన దక్షిణ భారతం ఫోటో: ఈ ప్రింటు ఆనాటిదేనా?

కక్ష్య_కిరణ్ (విశాఖపట్నం), సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మెర్క్యురీ, జెమినీ, అపోలో రోజుల్లో నాసా పత్రికలకీ, ఉద్యోగులకీ, అడిగినవాళ్లకీ పంచిన అసలు ప్రింట్లు పోగుచేసే పిచ్చి నాకు ఈ మధ్యే పట్టుకుంది. ఇప్పటిదాకా కొన్నవన్నీ చిన్నాచితకావే. ఇప్పుడొక పెద్ద బేరం తగిలింది. ఇక్కడ పెద్దలున్నారని అడుగుతున్నాను.

అమెరికాలో ఒకాయన తన మామగారి సామానంతా అమ్మేస్తున్నాడు. అందులో జెమినీ-11 నుంచి తీసిన దక్షిణ భారతం, సిలోన్ ఫోటో కలర్ ప్రింటు ఉంది. 1966 సెప్టెంబరులో పీట్ కాన్రాడ్, రిచర్డ్ గోర్డన్ వెళ్లిన యాత్ర అది. ఫోటో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో మన ద్వీపకల్పం, ఎడమ పక్క అరేబియా సముద్రం, కుడి పక్క బంగాళాఖాతం. స్కూలు గోడమీద మ్యాపులో చూసిన ఆకారం నిజంగానే అలా ఉంటుందని ఒక మనిషి పై నుంచి చూసి తీసిన ఫోటో. నాకది కావాలి, అంతే.

అమ్మే ఆయన ఇచ్చిన వివరాలు: 8x10 అంగుళాల సైజు, గ్లాసీ కాగితం. పైన తెల్ల మార్జిన్‌లో ఎర్ర అక్షరాలతో "నాసా ఎస్-66" అని మొదలయ్యే నంబరు. వెనక ఊదా రంగులో ఇంగ్లీషు వివరం, కొంచెం అలుక్కుపోయింది. అదే వైపు ఏటవాలుగా, బాగా లేతగా "ఎ కోడాక్ పేపర్" అని మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. మూలలు నలిగాయి. అడుగుతున్నది 240 డాలర్లు. "ఒరిజినల్ నెగటివ్ నుంచి వేసిన ప్రింటు, 1,369 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన దృశ్యం" అని గొప్పగా రాశాడు.

ఇది 1966-67లో వేసినదా, తర్వాతెప్పుడో మళ్లీ వేసినదా? ఫోటోలు చూసి చెప్పగలరా? ముందువైపు, వెనకవైపు రెండూ కింద పెట్టాను.

నెల్లూరు_శ్రీను, సోమవారం రాత్రి 9:40

అన్నా, అదే ఫోటో నాసా సైట్లో ఉచితంగా దొరుకుతుంది కదా. అదీ ఎంత జూమ్ చేసినా చెదరనంత పెద్ద ఫైలు. కాపీరైట్ గొడవ కూడా లేదు. మా ఊళ్లో కలర్ ల్యాబ్‌కి తీసుకెళ్తే వంద రూపాయల్లో పని అయిపోతుంది. ఇరవై వేలు పెట్టి మూలలు నలిగిన కాగితం ఎందుకు? ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

ల్యాబ్_మాస్టారు (రాజమండ్రి), మంగళవారం ఉదయం 6:25

శ్రీను బాబూ, మీ తాతగారి పెళ్లి ఫోటో స్కాన్ చేసి ఫోన్లో పెట్టుకున్నాక అసలుది చెత్తబుట్టలో వేస్తావా? ఇదీ అంతే. సంగతి బొమ్మలో లేదు, ఆ కాగితంలో ఉంది.

కిరణ్ గారూ, అంతరిక్షం సంగతి నాకు పెద్దగా తెలియదు గానీ కాగితం సంగతి తెలుసు. స్టూడియో నడిపినన్నాళ్లూ బ్రోమైడ్ పేపరు, కలర్ పేపరు రెండూ నా చేతుల మీదుగానే వెళ్లాయి. మీరు ముందువైపు ఫోటో ఒకటి పెట్టి ఊరుకుంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. వెనక్కి తిప్పి పెట్టారు, మంచి పని చేశారు.

మొదట కాగితం రకం తేల్చాలి. పాతది ఫైబర్ పేపరు. అంటే మామూలు మందపాటి కాగితం మీద నేరుగా పూత. వెనక చేత్తో రుద్దితే కాగితంలాగే గరగరగా ఉంటుంది, పెన్సిలు పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వంపు తిరుగుతుంది, అంచుల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. తర్వాత వచ్చింది ఆర్‌సీ పేపరు. కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. నీళ్లు తాగదు, గబగబా ఆరుతుంది, చదునుగా పడుకుంటుంది. మూల నలిగిన చోట తేడా బాగా తెలుస్తుంది: ఫైబర్ అయితే పొరలు పొరలుగా మెత్తగా విచ్చుకుంటుంది, ఆర్‌సీ అయితే మడత దగ్గర ప్లాస్టిక్ తెల్లగా విరిగి కనిపిస్తుంది. మీరు పెట్టిన ఫోటోలో కింది కుడి మూల చూడండి. నాకు విచ్చుకున్నట్టే ఉంది. కానీ ఫోన్ ఫోటో చూసి ఒట్టేసి చెప్పను.

కోడాక్ కలర్‌లో ఆర్‌సీ కాగితం 1968 ప్రాంతంలో వచ్చింది. 1966లో వేసిన కలర్ ప్రింటు ఆర్‌సీ మీద ఉండే అవకాశమే లేదు. అమ్మేవాణ్ని రెండు ఫోటోలు అడగండి. ఒకటి, ప్రింటుని బల్లమీద పెట్టి కంటి ఎత్తులో పక్కనుంచి తీసింది. రెండు, ట్యూబ్‌లైటు మెరుపు ఉపరితలం మీద పడేలా ఏటవాలుగా తీసింది. ఎంత వంపు ఉంది, ఏ మెరుపు ఉంది అన్నది వాటిలో బయటపడిపోతుంది.

ఇక వెనక అక్షరాలు. "ఎ కోడాక్ పేపర్" అని ఉంటే అరవైల మాట. "దిస్ పేపర్ మాన్యుఫాక్చర్డ్ బై కోడాక్" అని ఉంటే డెబ్భైల మొదట్లోకి, ఆ తర్వాతకి రావాలి. "ఎండ్యూరా" అనో "క్రిస్టల్ ఆర్కైవ్" అనో కనిపిస్తే ఇక మాట్లాడకుండా బేరం వదిలేయండి, అవి డిజిటల్ ల్యాబుల కాలం కాగితాలు.

హ్యూస్టన్_సుజాత, మంగళవారం ఉదయం 8:03

మాస్టారి మాటకి నా వంతు నాలుగు ముక్కలు. నేను ఉండేది హ్యూస్టన్‌లో నాసా కేంద్రం జాన్సన్ స్పేస్ సెంటర్‌కి దగ్గర్లోనే. ఇక్కడ పాత ఉద్యోగుల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు గరాజ్ సేల్స్‌లో ఇలాంటివి కట్టలు కట్టలుగా వస్తుంటాయి. కిరణ్ గారు చెప్పిన "మామగారి సామాను" కథ నమ్మదగ్గదే.

నంబరు గురించి. హ్యూస్టన్ కేంద్రం వేసిన ప్రింట్లకి ఎస్, తర్వాత సంవత్సరం, తర్వాత వరుస సంఖ్య. అందుకే ఎస్-66. వాషింగ్టన్ ప్రధాన కార్యాలయం విడుదల చేసిన వాటి వరస వేరు. 69-హెచ్‌సీ అని మొదలైతే 1969, హెడ్‌క్వార్టర్స్, కలర్ అని అర్థం. సీ లేకుండా హెచ్ ఒక్కటే ఉంటే నలుపు తెలుపు. ఫ్లోరిడా కెన్నెడీ సెంటర్ ప్రింట్ల మీద కేఎస్‌సీ అని ఉంటుంది. అపోలో ఫోటోల్లో ఇంకో పద్ధతి చూస్తారు: ఏఎస్11-40-5903 అంటే అపోలో-11, 40వ ఫిల్మ్ మ్యాగజైన్ (కెమెరాకి తగిలించే ఫిల్మ్ పెట్టె), 5903వ ఫ్రేము. హెల్మెట్ అద్దంలో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రతిబింబం కనిపించే ఆల్డ్రిన్ ఫోటో అదే.

నంబరు చూసి ఫోటో ఎప్పుడు తీశారో తెలుస్తుంది. ప్రింటు ఎప్పుడు వేశారో తెలియదు. ఎస్-66 నంబరుతోనే 1975లో కూడా ప్రింటు వేసి ఉండొచ్చు. చాలామంది అమ్మకందార్లు ఈ రెండింటినీ కావాలనే కలిపేస్తారు.

వెనక వివరంలో సంస్థ పేరు ఏముందో చదవండి. మా ఊరి కేంద్రాన్ని 1973 ఫిబ్రవరి దాకా మ్యాన్డ్ స్పేస్‌క్రాఫ్ట్ సెంటర్ అనేవాళ్లు, ఆ తర్వాతే జాన్సన్ పేరు పెట్టారు. కాబట్టి "జాన్సన్ స్పేస్ సెంటర్" అని ఉన్న ప్రింటు 1973కి ముందుది కాలేదు. ప్రయోగ స్థలం పేరు ఉంటే అదీ పనికొస్తుంది. 1963 చివర్నుంచి 1973 దాకా అది కేప్ కెన్నెడీ. దానికి ముందూ, తర్వాతా కేప్ కెనావరల్.

ఇంకొకటి, "ఒరిజినల్ నెగటివ్ నుంచి" అన్న మాట చూసి నవ్వొచ్చింది. జెమినీలో కలర్‌కి వాడింది ఎక్టాక్రోమ్. అది స్లైడ్ ఫిల్మ్. అసలు నెగటివే లేనిది నెగటివ్ నుంచి ప్రింటు ఎలా వేస్తారు?

కక్ష్య_కిరణ్, మంగళవారం మధ్యాహ్నం 1:15

సుజాత గారూ, ఈ నెగటివ్ సంగతి కొంచెం విడమరిచి చెప్పరూ? మరి ప్రింటు దేని నుంచి వేస్తారు?

ల్యాబ్_మాస్టారు, మంగళవారం మధ్యాహ్నం 2:30

అది నేను చెబుతా. స్లైడ్‌లో రంగులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. దాన్నుంచి మామూలు కలర్ కాగితం మీదికి నేరుగా వేస్తే రంగులు తిరగబడతాయి. అందుకని ముందు ఆ స్లైడ్‌ని ఇంకో ఫిల్మ్ మీదికి కాపీ తీసి నెగటివ్ చేస్తారు. దాన్ని ఇంటర్‌నెగటివ్ అంటాం. ప్రింట్లన్నీ దాన్నుంచే. మా స్టూడియోకి ఎవరైనా స్లైడ్ తెచ్చి ఎన్‌లార్జ్‌మెంట్ అడిగినా ఇదే పని. కాపీ తీసిన ప్రతిసారీ కాంట్రాస్టు కొంత పెరుగుతుంది, నీడల్లో వివరం కొంత పోతుంది. అరవైల నాటి ప్రింట్లలో కనిపించే ఆ ముదురు నీలం, గట్టి తెలుపు కొంతవరకు దాని పుణ్యమే. ఇవాళ్టి స్కాన్‌లో అంత ముదురు ఉండదు.

హ్యూస్టన్_సుజాత, మంగళవారం రాత్రి 7:48

సరిగ్గా చెప్పారు మాస్టారూ. అంతరిక్షం నుంచి వచ్చిన అసలు ఫిల్మ్‌ని ఇక్కడి ఫోటో ల్యాబ్‌లో ఒకసారి కడిగి, వెంటనే కాపీలు తీసి, అసలుది భద్రపరిచేవాళ్లు. పంచిన ప్రింట్లన్నీ కాపీల కాపీలే. అందుకే పత్రికా ఫోటోల వ్యాపారంలో వాడే "టైప్ వన్" అన్న మాట, అంటే అసలు నెగటివ్ నుంచి ఆ రోజుల్లోనే వేసిన ప్రింటు, నాసా కలర్ ఫోటోలకి అతకదు. మన లెక్క "ఆనాటి ప్రింటా, కాదా" వరకే.

అపోలో-11 ఫిల్మ్ కథ ఇంకా తమాషా. చంద్రుడి నుంచి వచ్చినవాటిని క్వారంటైన్‌లో పెట్టారు కదా, ఫిల్మ్‌నీ అందులోనే పెట్టారు. టెర్రీ స్లెజాక్ అనే ఫోటో టెక్నీషియన్ ఒక మ్యాగజైన్ బయటికి తీస్తే చేతికి నల్లటి దుమ్ము అంటింది. అది చంద్రుడి మట్టి. ఆయన్నీ వ్యోమగాములతోపాటు లోపలే ఉంచేశారు. దుమ్ము అంటిన చెయ్యి చూపిస్తున్న ఆయన ఫోటో కూడా ఉంది. దాని ప్రింటు కోసం నేను చాలా కాలంగా వెతుకుతున్నాను, ఎవరికైనా కనబడితే చెప్పండి.

వరంగల్_వేణు, మంగళవారం రాత్రి 9:05

కిరణన్నా, వెనక వివరంలో మూడో లైనులో "సిలోన్" అని ఉన్నట్టుంది, జూమ్ చేసి చూసిన. సిలోన్ పేరు శ్రీలంకగా మారింది 1972 మేలో. అంటే ప్రింటు అంతకు ముందుదే కదా? కేసు క్లోజ్!

హ్యూస్టన్_సుజాత, మంగళవారం రాత్రి 9:31

వేణూ, అంత తొందరొద్దు. "శ్రీలంక" అని ఉంటే 1972 తర్వాతదని గట్టిగా చెప్పొచ్చు. "సిలోన్" అని ఉంటే ముందుదని మాత్రం గట్టిగా చెప్పలేం. ఆఫీసుల్లో పాత వివరాన్నే మళ్లీ మళ్లీ టైపు చేసుకుంటూ పోతారు, పేరు మార్చాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? ఇది ఒక వైపే పనిచేసే ఆధారం. కానీ ఫైబర్ కాగితం, "ఎ కోడాక్ పేపర్", సిలోన్, మూడూ ఒకే మాట చెబుతుంటే అప్పుడు బరువు వస్తుంది.

పాతకాగితాలు (గుంటూరు), బుధవారం ఉదయం 10:20

అందరూ అమెరికా వైపే మాట్లాడుతున్నారు. నేను సోవియట్ వైపు మనిషిని. మా నాన్నగారు "సోవియట్ భూమి" తెలుగు పత్రిక కట్టలు కట్టలుగా దాచారు, గగారిన్ బొమ్మలు కత్తిరించి పెట్టుకోవడంతో నా పిచ్చి మొదలైంది. తర్వాత తెలిసొచ్చింది, అవి పత్రికలో అచ్చయిన బొమ్మలు, ఫోటోలు కావని. అసలు ఫోటోలంటే టాస్, నోవొస్తి అనే సోవియట్ వార్తా సంస్థలు పత్రికలకి పంపినవి. వెనక రబ్బరు స్టాంపు, టైపు చేసి అంటించిన చీటీ ఉంటాయి.

అటువైపు ప్రింట్లకి తేదీ కట్టడం ఇంకో రకం సరదా, ఎందుకంటే వాళ్లు దాచిపెట్టినవే ఎక్కువ. 1961 ఏప్రిల్ 12న గగారిన్ని మోసుకెళ్లిన రాకెట్ ఎలా ఉంటుందో ప్రపంచానికి 1967 పారిస్ ఎయిర్ షో దాకా చూపించలేదు. ఇప్పుడెవరైనా వోస్తోక్ రాకెట్ నిలువెత్తు ఫోటో చూపించి "1961 నాటి పత్రికా ఫోటో" అంటే నమ్మకండి. ఆరోజు తీసినదే కావొచ్చు, బయటికి వచ్చింది మాత్రం తర్వాతే.

మనుషుల్ని కూడా మాయం చేశారు. 1961 మేలో సోచిలో సోవియట్ రాకెట్ల రూపకర్త కొరొల్యోవ్‌తో కలిసి తొలి వ్యోమగాముల బృందం దిగిన గ్రూప్ ఫోటో ఒకటుంది. అందులో గ్రిగోరి నెల్యుబోవ్ ఉన్నాడు. 1963లో క్రమశిక్షణ కారణంతో బృందం నుంచి తీసేశారు. ఆ తర్వాత అచ్చయిన ఫోటోలో ఆయన ఉండాల్సిన చోట బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే ఉంది. రెండు రూపాలూ పక్కపక్కన పెట్టుకోవడం నాలాంటివాడి కల. చాలా సోవియట్ ప్రింట్ల మీద రీటచింగ్ పెయింటు నేరుగా కాగితం మీదే ఉంటుంది. వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే గ్లాసీ మెరుపు మధ్యలో మెరవని మచ్చలు కనిపిస్తాయి. అక్కడ ఎవరో బ్రష్షు పెట్టారని లెక్క. అలాంటి ప్రింటు నాకు శుభ్రమైన దానికన్నా ఎక్కువ విలువైనది.

1965 మార్చి 18 లియోనోవ్ స్పేస్‌వాక్ ఫోటోలు మసకగా ఉంటాయెందుకని కొత్తవాళ్లు అడుగుతుంటారు. అవి సినిమా, టీవీ కెమెరాల ఫ్రేములు. ఆయన ఛాతీ మీద కెమెరా ఉంది, దాని మీట తొడ దగ్గర. సూట్ ఉబ్బిపోయి చెయ్యి అందలేదు. రెండున్నర నెలలకి జూన్ 3న జెమినీ-4లో ఎడ్ వైట్ బయటికి వెళ్తే లోపల్నుంచి తోటి వ్యోమగామి మెక్‌డివిట్ హాసెల్‌బ్లాడ్ కెమెరాతో తీశాడు. ఆ తేడా చూడండి. అంతరిక్షంలో ముందు అడుగు వాళ్లది, ఫోటోల్లో గెలుపు వీళ్లది.

నెల్లూరు_శ్రీను, బుధవారం మధ్యాహ్నం 12:10

గుంటూరు అన్నా, పత్రిక బొమ్మకీ అసలు ఫోటోకీ తేడా ఎలా తెలుసుకోవాలి? మా పెద్దనాన్న గారింట్లో ట్రంకుపెట్టెలో స్కైలాబ్ బొమ్మలు కొన్ని ఉన్నాయి. 1979లో స్కైలాబ్ మనమీద పడుతుందని ఊరంతా వణికిపోయిన కథలు ఆయన ఇప్పటికీ చెబుతాడు, కోళ్లు, మేకలు కోసుకు తిన్నారట. ఊళ్లో ఒకాయన పేరే స్కైలాబ్.

ల్యాబ్_మాస్టారు, బుధవారం మధ్యాహ్నం 3:44

శ్రీను బాబూ, మంచి భూతద్దం ఒకటి తెచ్చుకో. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునేది దొరికితే ఇంకా మంచిది. ఆకాశమో, ముఖమో, నున్నగా ఉన్న చోటు చూడు. వరసలు తీరిన చిన్న చిన్న చుక్కలు కనబడితే అది ప్రెస్సులో అచ్చు వేసినది. వరస లేకుండా చల్లినట్టు రంగు చుక్కలుంటే ఇంక్‌జెట్ ప్రింటు, అంటే నిన్నమొన్నటిది. చుక్కలేమీ లేకుండా రంగు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మెత్తగా కలిసిపోతే అది డార్క్‌రూమ్ ఫోటో. నలుపు తెలుపు ఫోటోలో అడ్డంగా సన్నటి గీతలు, బొమ్మలోనే అంచున ఇంగ్లీషు వివరం ఉంటే వైర్‌ఫోటో. టెలిఫోను లైను మీద పత్రికాఫీసుకి వచ్చినది. అదీ అసలైన పాత వస్తువే, కాకపోతే బొమ్మ నాణ్యత తక్కువ.

హ్యూస్టన్_సుజాత, బుధవారం సాయంత్రం 6:15

దీనికి ఒక చేర్పు. నాసా జనానికి ఉచితంగా పంచిన లిథోగ్రాఫ్‌లు కూడా చుక్కలతోనే ఉంటాయి. అవి నకిలీవి కావు, నాసా అచ్చువేయించినవే. కానీ ఫోటో ధరకి కొనకూడదు.

అలాగే సంతకాలున్న ఫోటోల జోలికి కొత్తవాళ్లు వెళ్లకండి. వ్యోమగాముల కార్యాలయంలో ఆటోపెన్ యంత్రం ఉండేది. ఉత్తరం రాసిన ప్రతివాడికీ అదే సంతకం పెట్టేది. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయంటే రెండూ యంత్రానివే. మనిషి చేత్తో రెండుసార్లు ఒకేలా పెట్టడం అసాధ్యం. ఆర్మ్‌స్ట్రాంగ్ అయితే 1994 నుంచి సంతకాలే మానేశాడు. దాంతో నకిలీలు ఇంకా పెరిగాయి.

ఆయన గురించే ఇంకో మాట. చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ నిలువుగా, స్పష్టంగా కనిపించే హాసెల్‌బ్లాడ్ ఫోటో దాదాపు ఒక్కటే: ఏఎస్11-40-5886. కెమెరా ఎక్కువసేపు ఆయన చేతిలోనే ఉంది మరి. ఆల్డ్రిన్ పనోరమా తీస్తుంటే అందులో పడ్డాడు. చాలా ఏళ్లు అలాంటి ఫోటో లేదనే అనుకున్నారు. దాని పాత ప్రింటు అంత అరుదు అందుకే. 2020 నవంబరులో క్రిస్టీస్ వాళ్లు విక్టర్ మార్టిన్-మాల్బ్యురే సేకరణని ఆన్‌లైన్ వేలానికి పెట్టారు. దాని కేటలాగ్ చూడండి, ఏ ప్రింటు వెనక ఏముందో ఓపిగ్గా రాశారు. కొనలేకపోయినా చదువుకోవడానికి మంచి బడి.

వరంగల్_వేణు, బుధవారం రాత్రి 8:50

అక్కా, ఒక డౌటు. అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తే పాతదీ కొత్తదీ తెలుస్తదని యూట్యూబ్‌లో చూసిన. కిరణన్న ఆ లైటు ఫోటో కూడా అడగొచ్చు కదా?

ల్యాబ్_మాస్టారు, గురువారం ఉదయం 6:10

మన అవసరానికి పనికిరాదు నాయనా. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే పదార్థం ఆ లైటులో నీలంగా వెలుగుతుంది. అది యాభైల నుంచే కాగితాల్లో ఉంది. 1930ల ఫోటో అని చెప్పి అమ్మేదాన్ని పట్టుకోవడానికి ఆ లైటు భేషుగ్గా పనికొస్తుంది. 1966దీ వెలగొచ్చు, 1996దీ వెలగొచ్చు.

పాతకాగితాలు, గురువారం ఉదయం 9:37

కిరణ్ గారి దక్షిణ భారతం పక్కన పెట్టుకోవడానికి ఒక జత చెబుతా. 1972 డిసెంబరు 7న అపోలో-17 నుంచి తీసిన నిండు భూగోళం, అదే "బ్లూ మార్బుల్". ఆఫ్రికా, అంటార్కిటికా అందరూ చూస్తారు. కుడివైపు పైన హిందూ మహాసముద్రంలో గుండ్రంగా తిరుగుతున్న మబ్బు ఎంతమంది చూశారు? రెండు రోజుల ముందు తమిళనాడుని ముంచెత్తిన తుపాను అది. మన పక్క తీరాన్ని కొట్టిన తుపాను, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువమంది చూసిన ఫోటోల్లో ఒకదాంట్లో ఉండిపోయింది. అన్నట్టు, తీసినప్పుడు ఆ ఫోటోలో దక్షిణం పైకి ఉంది. అచ్చువేసేటప్పుడు తిప్పేశారు.

మన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టీ-11 ఎక్కి సోవియట్ అంతరిక్ష కేంద్రం సల్యూత్-7కి వెళ్లినప్పుడు ఎంకేఎఫ్-6ఎం కెమెరాతో భారతదేశాన్ని ఫోటోలు తీశాడు. ఆ యాత్ర టాస్ ప్రింట్లు ఇక్కడి పాత పత్రికాఫీసుల్లోంచి అప్పుడప్పుడు బయటికి వస్తాయి. విదేశాలకి డాలర్లు పంపే ముందు ఆదివారం కోఠి ఫుట్‌పాత్‌లు ఒకసారి తిరగండి. 2025లో శుభాంశు శుక్లా స్పేస్ స్టేషన్ నుంచి తెచ్చిన ఫోటోలకి వెనకవైపు అంటూ లేదు కదా, మన ఆటంతా రాకేశ్ శర్మ తరంతోనే సరి.

కక్ష్య_కిరణ్, శుక్రవారం రాత్రి 10:02

అమ్మే ఆయన మొత్తానికి జవాబిచ్చాడు. మాస్టారు అడగమన్న రెండు ఫోటోలూ పంపాడు, మూలని దగ్గర్నుంచి తీసింది అదనంగా ఇచ్చాడు. పక్కనుంచి చూస్తే ప్రింటు పడవలా వంపు తిరిగి ఉంది. మూలలో కాగితం పొరలు విడివిడిగా, బూజులాగా కనిపిస్తున్నాయి, ప్లాస్టిక్ విరిగిన జాడ ఏమీ లేదు. వివరం చివరి లైనులో "మ్యాన్డ్ స్పేస్‌క్రాఫ్ట్ సెంటర్, హ్యూస్టన్" అని ఉంది. ఎత్తు 1,369 కిలోమీటర్లని వివరంలో ఎక్కడా లేదు. అది ఆయన నెట్‌లో చూసి కలిపాడట.

ఒక్కటే గుబులు. సముద్రం నీలంగా కాకుండా కొంచెం ఎర్రబారినట్టు ఉంది. మార్జిన్ కూడా పసుపు తిరిగింది. ఇది పాడైపోయినట్టేనా?

హ్యూస్టన్_సుజాత, శుక్రవారం రాత్రి 10:40

ఆ ఎత్తు సంగతి నేనూ చెబుదామనుకున్నా. 1,369 కిలోమీటర్లు జెమినీ-11 కక్ష్యలో అన్నిటికన్నా ఎత్తయిన బిందువు. విడిగా కక్ష్యలోకి పంపిన అజీనా రాకెట్‌కి తగిలించుకుని ఆ ఇంజన్ మండించి అంత పైకి వెళ్లారు. భూకక్ష్యలో మనుషులు వెళ్లిన ఎత్తుల్లో అది 2024 సెప్టెంబరు దాకా రికార్డు. ఆ కక్ష్య కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. యాత్రలో తీసిన ప్రతి ఫోటోకీ ఆ అంకె తగిలించడం అమ్మకందార్ల అలవాటు.

నావరకు ఇది ఆనాటి ప్రింటే. కాగితం, సంస్థ పేరు, సిలోన్ మూడూ కలిశాయి. 1966 అని ఒట్టేయను గానీ అరవైల చివరి భాగం దాటదు.

ల్యాబ్_మాస్టారు, శనివారం ఉదయం 6:30

ఎరుపు తిరగడం ఆ కాలపు కోడాక్ కలర్ కాగితం జబ్బు. అందులో నీలి-ఆకుపచ్చ డై అన్నిటికంటే ముందు బలహీనపడుతుంది, చీకట్లో పెట్టెలో ఉన్నా సరే. అది తగ్గితే మిగిలిన రంగులు ఎర్రగా పైకి తేలతాయి. అరవైల ప్రింటు నీలం చెక్కుచెదరకుండా, మార్జిన్ పాలలా తెల్లగా ఉంటేనే నేను అనుమానంతో రెండోసారి చూస్తాను. మీది కొంచెమే తిరిగిందంటున్నారు, ధర తగ్గించమని అడగడానికి అదొక్కటి చాలు.

కొన్నాక చూసుకోవాల్సింది మీ విశాఖ గాలి. ఉప్పు, తేమ రెండూ ఉంటాయి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, మీ కాళ్లకి దండం పెడతా. మన ఇళ్లల్లో పాత ఫోటో కనబడితే చాలు లామినేషన్ షాపుకి పరిగెత్తుతారు. ఆ వేడికి, జిగురుకి అది అక్కడితో ఆఖరు. జిగురు పేజీల ఆల్బమ్‌లోనూ పెట్టొద్దు. అద్దానికి నేరుగా ఆనించి ఫ్రేము కట్టిస్తే వానాకాలంలో పూత అద్దానికి అంటుకుని వస్తుంది, మధ్యలో మౌంటు బోర్డు కిటికీ ఉండాలి. హాల్లో గోడకి అసలుది కాకుండా స్కాన్ ప్రింటు వేలాడదీయండి (శ్రీను చెప్పిన వంద రూపాయల ల్యాబ్ దానికి పనికొస్తుంది). అసలుదాన్ని పాలిప్రొపిలీన్ కవర్‌లో పెట్టి, యాసిడ్ లేని బోర్డు ఆసరాగా వేసి, పడక గదిలో బీరువా మధ్య అరలో పడుకోబెట్టండి. బయటి గోడకి ఆనుకున్న బీరువా వద్దు. సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరి ప్లాస్టిక్ కవర్లకి పడదు. వంపుని చేత్తో వెనక్కి వంచి సరిచేయాలని చూస్తే పూత పగులుతుంది. రెండు బోర్డుల మధ్య తక్కువ బరువు పెట్టి నెలలు వదిలేయండి, అదే సర్దుకుంటుంది.

కక్ష్య_కిరణ్, ఆదివారం మధ్యాహ్నం 12:25

190కి ఒప్పుకున్నాడు. డబ్బు పంపాను. సుజాత గారూ, నేరుగా ఇండియాకి పంపించమనాలా, మీ అడ్రసుకి పంపించమనాలా? గతంలో ఒక కొరియర్ వాళ్లు నా కవరుని మధ్యకి మడిచి గేటు కన్నంలో దోపి వెళ్లారు, ఆ భయం ఇంకా పోలేదు.

హ్యూస్టన్_సుజాత, ఆదివారం రాత్రి 8:17

నాకే పంపించమనండి. చుట్టి గొట్టంలో పెట్టొద్దని గట్టిగా చెప్పండి, వంపు తిరిగిన ఫైబర్ ప్రింటు చుడితే పగుళ్లే. రెండు గట్టి అట్టల మధ్య, అట్టలు ప్రింటుకన్నా రెండంగుళాలు పెద్దవిగా ఉండాలి. మా అమ్మానాన్నలు వచ్చే నెల ఇండియా వెళ్తున్నారు, హ్యాండ్ బ్యాగులో పంపిస్తాను. హైదరాబాద్‌లో మీరు వచ్చి తీసుకోవాలి. పంపేలోపు రెండు వైపులా మంచి స్కాన్ తీసి ఇక్కడ పెడతాను. వెనకవైపు అలుక్కుపోయిన ఊదా అక్షరాలు కూడా చదవగలమేమో చూద్దాం.

నెల్లూరు_శ్రీను, ఆదివారం రాత్రి 9:03

మాస్టారూ, పెద్దనాన్న ట్రంకుపెట్టె తీయించా. మూడు చుక్కల బొమ్మలే. నాలుగోదాంట్లో చుక్కల్లేవు, అడ్డంగా సన్నటి గీతలున్నాయి, వెనక ఏదో మద్రాసు స్టాంపు, 1973 జూన్ అని చదవగలిగా. ఫోటోలు పెడుతున్నా, చూసి చెప్పండి.